నడికుడి అమ్మాయి చేసిన ఇంజను

"మేడం, మన పిల్ల కార్నోని ఓడించిందంటగా! పేపరు వాళ్లని పిలవమంటారా?"

మా ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి ఈ మాట అన్నప్పుడు నేను టిఫిను డబ్బా మూత తీస్తున్నాను. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆయన చరిత్ర చెప్పే మనిషి. కార్నో పేరు ఆయన విన్నది ఆ పొద్దునే, అదీ కంప్యూటర్ ల్యాబులో ఆడపిల్లలు కేకలు వేస్తుంటే ఏం జరిగిందోనని కంగారుగా వెళ్లి అడిగినందువల్ల. నేను మూత మళ్లీ పెట్టేసి లేచాను. వేడి ఇంజన్లకు కార్నో అనే శాస్త్రజ్ఞుడు కట్టిన హద్దును ఎవరూ దాటలేరని దాదాపు నా ఉద్యోగమంతా చెప్పుకుంటూ వచ్చినదాన్ని. ఇప్పుడు నా సొంత విద్యార్థిని దాన్ని దాటేసిందని చెబితే ఉప్మా గొంతులోకి ఎలా దిగుతుంది?

నరసరావుపేటలో ఒక డిగ్రీ, పీజీ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. పెద్ద ప్రయోగాలు చేసినదాన్ని కాను, విదేశాలు చూసినదాన్నీ కాను. ఉద్యోగంలో ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్న మీలాంటివాళ్లు నా దగ్గరికి వచ్చి "మేడం, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన సంగతి ఒకటి చెప్పండి" అంటే నాకు ఈ ఇంజను సంగతే నోట్లోకి వస్తుంది. చెబుతున్నంతసేపూ నవ్వు కూడా వస్తుంది.

ఆ అమ్మాయిది నడికుడి. వాళ్ల నాన్న అక్కడి జంక్షన్లో బోగీలు కలిపి విడదీసే పనిలో ఉండేవాడు. ఆమె మా ఊళ్లో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదివేది. సన్నటి పిల్ల, గొంతు మాత్రం గట్టిది. క్లాసులో చెయ్యెత్తే అలవాటు లేదు. సందేహం వస్తే లేచి నిలబడేది. నేను బోర్డు మీద రాసుకుంటూ పోతే, వెనక్కి తిరిగేదాకా అలాగే నిలబడి ఉండేది. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాక వీపు మీద కూడా చూపు పడుతున్నట్టు తెలుస్తుంది. నేను తిరిగేదాన్ని.

చివరి ఏడాది ప్రాజెక్టులు ఇచ్చే రోజులవి. మా దగ్గర ప్రతి సంవత్సరం అవే ఉండేవి. ఏదో ద్రవంలో ధ్వని వేగం కొలవడం, ఏదో పలచటి పొర మీద కాంతి పడితే ఏమవుతుందో చూడడం. పిల్లలు సీనియర్లను అడిగి, అవే పరికరాల మీద అవే కొలతలు తీసుకుని, కొత్త అట్టలు వేయించి తెచ్చేవారు. ఈ అమ్మాయి మాత్రం నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"మేడం, ఇంజనుని ఎంత చిన్నగా చెయ్యొచ్చు?"

"అంటే? బైకు ఇంజనంతా?"

"అంతకంటే చిన్నది మేడం. ఇంకా చానా చిన్నది. ఒక్క ఆటమ్‌తో చేస్తే అది ఇంజనే అనిపించుకుద్దా?"

వేడి ఇంజన్ల పాఠం మొదటి నుంచీ చెబుతున్నాను. క్వాంటం పాఠమూ చెబుతున్నాను. రెండూ ఒకే వరండాలో పక్కపక్క గదుల్లో చెప్పిన రోజులున్నాయి గానీ, ఒకదానికొకటి పరిచయం చేయాలన్న ఆలోచన ఏనాడూ రాలేదు. "తెలీదమ్మా, చూద్దాం" అన్నాను. ఆ రోజు ఇంటికి వెళ్లి ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుని చదవడం మొదలుపెట్టాను. ప్రపంచంలో చాలామంది అదే పని మీద ఉన్నారనీ, దానికి క్వాంటం థర్మోడైనమిక్స్ అని పేరు కూడా ఉందనీ తెలిసింది. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషికి కొత్త పాఠం దొరికితే ఎలా ఉంటుందో మీకు ఇప్పుడు చెప్పినా అర్థం కాదు. పండగపూట కొత్త చీర అందినట్టుంటుంది.

లెక్కలు పెద్దవి కావడంతో మా లెక్కల మాస్టారిని కూడా లాగాం. ఆయన అన్నదమ్ములందరూ మా ఊళ్లోనే డీజిల్ ఇంజన్ల మెకానిక్కులు. ఆ ఇంట్లో లెక్కల్లో పడ్డది ఈయన ఒక్కరే. సంగతంతా విని తల గోక్కున్నారు.

"మా అన్నలు ఇంజను విప్పితే చేతులకి గ్రీజు అంటుద్ది మేడం. మీ ఇంజను విప్పితే తలనొప్పి అంటుకునేట్టుంది. సరే, పట్టండి."

ఆ ఇంజను ఎలా పనిచేస్తుందో క్లుప్తంగా చెబుతాను, భయపడకండి. ఒక పరమాణువుకు రెండే మెట్లు ఉన్నాయనుకోండి, కిందది, పైది. దాన్ని వేడి వైపుకు తగిలిస్తే అది పైమెట్టుకు ఎక్కే అవకాశం పెరుగుతుంది. అలా పైన ఉన్నప్పుడు ఆ మెట్టు ఎత్తు తగ్గిస్తే, తగ్గినంత శక్తి మనకు పనిగా దక్కుతుంది. తర్వాత దాన్ని చల్లని వైపుకు తగిలిస్తే కిందికి దిగుతుంది. కింద ఉన్నప్పుడు పైమెట్టును మళ్లీ మొదటి ఎత్తుకు లేపితే మనకు పెద్దగా ఖర్చు కాదు. ఇలా చుట్టు తర్వాత చుట్టు. ఇక కార్నో హద్దు అంటే, వేడి వైపు నుంచి తీసుకున్న శక్తిలో ఎంత భాగం పనిగా మారగలదన్నదానికి ఉన్న గరిష్ఠం. ఆ హద్దు రెండు వైపుల వేడిమిల మీదే ఆధారపడుతుంది. ఇంజను ఇనుముతో చేశారా, ఆవిరితో నడిపారా అన్నది దానికి అనవసరం.

క్లాసులో ఈ పాఠం ఎప్పుడూ ఒకేలా మొదలుపెట్టేదాన్ని. "వేడి వైపు అంటే మన రెంటచింతల. చల్లని వైపు మన జిల్లాలో లేదు, ఊహించుకోండి." ఏ బ్యాచ్ అయినా నవ్వేది.

మా దగ్గర పరమాణువును పట్టి ఉంచే పరికరాలు ఎక్కడివి? అంతా కంప్యూటర్లోనే. ఆ అమ్మాయి ప్రోగ్రాం రాసుకుంది. వేడి వైపుకు కొన్ని పరమాణువుల గుంపు, చల్లని వైపుకు మరో గుంపు, నడుమ మన ఒంటరి ఇంజను. ల్యాబు కంప్యూటర్లు పాతవి. ఒక్కో లెక్క తేలేసరికి కిటికీ అవతల చిలకలూరిపేట మిల్లులకు పోయే పత్తి లారీలు వరసగా వెళ్లిపోతుండేవి. మేం ముగ్గురం పల్లీలు తింటూ తెర వంక చూస్తూ కూర్చునేవాళ్లం. నా సర్వీసులో అంత హాయిగా గడిచిన సాయంత్రాలు లేవు.

అలా నడుస్తుండగా ఒక ఉదయం ఆమె గీసిన గ్రాఫులో ఇంజను గీత కార్నో గీతను దాటి పైకి వెళ్లింది. స్నేహితురాళ్లు కేకలు వేశారు. ప్రిన్సిపాల్ గారు పరిగెత్తుకొచ్చారు. మీకు మొదట చెప్పింది అదే.

నేను వెళ్లేసరికి ల్యాబులో జాతరలా ఉంది. మధ్యలో ఆ అమ్మాయి ఒక్కతే కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. ముఖంలో సంతోషం, భయం కలిసి ఉన్నాయి.

"మేడం, పొద్దుట్నుంచీ మూడు రకాలుగా తిప్పి చూశా. దాటతానే ఉంది."

నాకు తోచిన మొదటి కారణం చెప్పాను. "ఇంత చిన్న ఇంజన్లో ప్రతి చుట్టూ ఒకేలా ఉండదమ్మా. ఒక చుట్టులో ఎక్కువ పని రావచ్చు, ఇంకో చుట్టులో అసలు రాకపోవచ్చు. విడిగా ఒక చుట్టు చూస్తే హద్దు దాటినట్టే కనిపిస్తుంది. సగటు తీస్తే కిందికి వస్తుంది."

"ఇది సగటే మేడం."

నేను కాగితం తీసుకుని లెక్క మొదటి నుంచి చూడబోయాను. ప్రిన్సిపాల్ గారు మాత్రం అప్పటికే ఫోను చెవిన పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయారు. పేపరు వాళ్లకు చేశారేమోనని పరుగున వెళితే, ఆయన చేసింది అంతకంటే ముప్పు. ప్రాజెక్టు పరీక్షకు యూనివర్సిటీ నుంచి రావలసిన ప్రొఫెసర్ గారికి చేశారు. "మా అమ్మాయి హద్దు దాటిందండీ, మీరొచ్చి చూడాలి!" అని చెప్పేశారు. ఆ ప్రొఫెసర్ గారి పేరు చెబితేనే చుట్టుపక్కల కాలేజీల పిల్లలు గోళ్లు కొరుక్కునేవారు. ఒక్క పొల్లు కబురు దొరికితే మొత్తం ప్రాజెక్టును పక్కన పడేస్తారని ఆయనకు పేరు. ఆ అమ్మాయి పరిశోధనలో చేరాలని దరఖాస్తు పెట్టుకుని ఉంది. ఈ మార్కులు చెడితే అక్కడ గుమ్మం కూడా తొక్కలేదు.

లెక్కల మాస్టారు మధ్యాహ్నం క్లాసు ముగించుకుని తీరిగ్గా వచ్చారు. గ్రాఫు చూశారు. ఆశ్చర్యపోలేదు, ఒప్పుకోనూ లేదు.

"అమ్మాయ్, కార్నో సంగతి తర్వాత. ముందు కూడిక చూశావా? వేడి వైపు నుంచి పోయింది ఎంత, చల్లని వైపుకి చేరింది ఎంత, మనకొచ్చిన పని ఎంత. మూడూ కలుస్తున్నాయా?"

ఆమె నా వంక చూసింది. నేను ఆయన వంక చూశాను. ఆ కూడిక మేమిద్దరం వేయలేదు. శక్తి పుట్టదు, పోదు అని చిన్న క్లాసులోనే చెబుతాం. పెద్ద విషయాల వెంట పడి దాన్ని ఎవరం పట్టించుకోలేదు.

కూడిక కలవలేదు. వేడి వైపు నుంచి పోయినదానికంటే మిగతా రెండూ కలిపి ఎక్కువ తేలాయి.

ఆ ఆదివారం ఆమె ఊరికి వెళ్లలేదు. సోమవారం పొద్దున నేను కాలేజీ గేటు దాటుతుంటే ఎదురొచ్చింది. చేతిలో కాగితాలు. నడుస్తూనే మొదలుపెట్టింది.

"దొరికింది మేడం! ఎక్కువొచ్చిన శక్తంతా రెండు చోట్లే వస్తంది. ఇంజన్ని వేడి గుంపుకి తగిలించినప్పుడు, విడదీసినప్పుడు. చల్లటి వైపూ అంతే. మనం మెట్టు ఎత్తు మార్చినప్పుడే పని జరిగిందని లెక్కేశాం. తగిలించడానికీ విడదీయడానికీ కూడా పని పడుద్ది. దాన్ని అసలు లెక్కేయలా."

"ఇంజనుకీ గుంపుకీ మధ్య బంధం బలం తగ్గించి చూశావా?"

"చూశా. బంధం తగ్గించేకొద్దీ ఆ తేడా తగ్గింది. మన గీత కూడా కిందికొచ్చేసింది."

అక్కడే గేటు పక్కన నిలబడిపోయాం. సైకిళ్ల వాళ్లు గంటలు కొడుతూ చుట్టూ తిరిగి పోతున్నారు. నాకు అంతా ఒక్కసారిగా తేటపడింది. పెద్ద ఇంజన్లో ఒక కవాటం తెరవడానికో మూయడానికో అయ్యే ఖర్చు మొత్తం పనిలో లెక్కలోకి రానంత చిన్నది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. మా ఇంజను ఒకే ఒక్క పరమాణువు. దాన్ని దేనికైనా గట్టిగా తగిలిస్తే ఆ బంధం శక్తే ఇంజను శక్తితో సమానంగా ఉంటుంది. అది మా చేతుల్లోంచి ఇంజనుకు ఊరికే అందుతోంది. అందుకే గీత హద్దు దాటింది.

ఆ అమ్మాయి మాత్రం ఉన్నట్టుండి నీరుగారిపోయింది. "అయితే నా ఇంజను గొప్పదేం కాదన్నమాట. అందరి ఇంజన్లలాంటిదే."

"పిచ్చిపిల్లా, హద్దు దాటిందని చెప్పుకుంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఎందుకు దాటినట్టు కనిపించిందో చెప్పావు. దాన్ని ఎవరూ కాదనలేరు" అన్నాను. ఆమె మొహం మెల్లగా విచ్చుకుంది. ఇద్దరం క్యాంటీనుకు వెళ్లి, అంత పొద్దునే వేడి వేడి మిరపకాయ బజ్జీలు చెప్పాం. ఆమె కళ్లలో నీళ్లు కారం వల్లనో, సంతోషం వల్లనో నాకు ఇప్పటికీ తెలియదు.

ప్రిన్సిపాల్ గారికి చెప్పడం ఒక పని. ఆయన అంతా విని గడ్డం నిమురుకున్నారు.

"అయితే ఆ గీతని కొంచెం కిందికి దించేసి ఊరుకుందాం. పాతది ఎవరికీ చూపించొద్దు."

"దించాల్సిన పనిలేదండీ, దానంతటదే దిగింది."

"మరి నేను ఆ ప్రొఫెసర్ గారికి ఫోన్లో చెప్పానే! ఆయన ముందు నా మొహం ఎట్టా?"

"రెండు గీతలూ చూపిద్దాం సార్" అంది ఆ అమ్మాయి. "తప్పుది ముందు, ఒప్పుది తర్వాత."

ఆయన నా వంక చూశారు, నేను ఆమె మాటను బలపరిచాను. "మీరూ మీరూ ఒకటయ్యారు" అని నిట్టూర్చి టీ తెప్పించారు.

పరీక్ష రోజు వేసవి ముదిరి ఉంది. ప్రొఫెసర్ గారు బస్సు దిగి, చొక్కా ఒంటికి అంటుకుపోయి, ముఖం చిటపటలాడుతూ వచ్చారు. మజ్జిగ ఇస్తే తాగి, గ్లాసు కింద పెడుతూనే "ఎవరమ్మా హద్దు దాటింది?" అన్నారు. ప్రిన్సిపాల్ గారు బీరువా చాటుకు జరిగారు.

ఆ అమ్మాయి లేచి మొదటి గ్రాఫు తెర మీద పెట్టింది. "ఇది తప్పు సార్" అంటూ మొదలుపెట్టింది.

ప్రొఫెసర్ గారి కనుబొమలు పైకి లేచాయి. వెంటనే కరెంటు పోయింది.

తెర ఆరిపోయింది, ఫ్యాను ఆగిపోయింది. కంప్యూటర్ కింద బ్యాటరీ డబ్బా కుయ్‌కుయ్‌మని అరిచి అదీ ఊరుకుంది. ఆ అమ్మాయి సుద్దముక్క తీసుకుని నల్లబోర్డు దగ్గరికి వెళ్లింది. రెండు గీతలూ చేత్తో గీసింది. తప్పు ఎక్కడ జరిగింది, కూడిక ఎలా కలవలేదు, మిగులు ఎక్కడ బయటపడింది, అన్నీ వరసగా చెప్పుకుంటూ పోయింది. మధ్యమధ్యలో చెమట తుడుచుకోవడంతో నుదుటి మీద సుద్ద మరకలు పడ్డాయి.

"ఆ మిగులు వేడి కాకూడదా? పనే అని ఎందుకంటావు?" అని ప్రొఫెసర్ గారు అడ్డం వేశారు.

"బంధాన్ని పెట్టేది, తీసేది మనం సార్. ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో బయటి నుంచి మనమే చేస్తన్నాం. గుంపుల్లోంచి దానంతటది వచ్చింది కాదు. అందుకని పనే."

"ఆ ఖర్చు తగ్గించాలంటే?"

"బంధం బలహీనంగా పెట్టాలి, నిదానంగా తగిలించాలి, నిదానంగా విడదీయాలి."

"అట్లా చేస్తే హద్దు దాకా వెళ్తావా?"

"మెట్ల ఎత్తులు కూడా దానికి తగ్గట్టు సరిచేసుకుంటే దగ్గరికి పోతాం సార్. కానీ పోయేకొద్దీ ఒక్క చుట్టుకి పట్టే టైము పెరిగిపోద్ది, చేతికొచ్చే పని తగ్గిపోద్ది. సరిగ్గా హద్దు మీదికి చేరేసరికి ఇంజను ఇక తిరగనట్టే."

"అంటే నీ ఇంజను అత్యుత్తమంగా ఉన్నప్పుడు ఎందుకూ పనికిరాదు!"

"అవును సార్. పనికి రావాలంటే కొంచెం ఇవతలే ఉండాలి."

ప్రొఫెసర్ గారు నవ్వడం అప్పుడే చూశాను. ముందు పెదవులు, తర్వాత భుజాలు, చివరికి మనిషంతా ఊగుతూ నవ్వారు. "మీ ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసిన దగ్గర్నుంచీ మిమ్మల్ని తిట్టుకుంటూనే ఉన్నానమ్మా. బస్సులో దారి పొడుగునా అదే పని. ఈ ఎండలో ఇంత దూరం ఈ గాలి కబుర్ల కోసం వస్తున్నానే అని." లేచి బోర్డు దగ్గరికి వెళ్లి సుద్ద అందుకున్నారు. బంధం మరీ బలంగా ఉంటే ఏమవుతుందని ఇద్దరూ వాదనలో పడ్డారు. అప్పుడు ఇంజను ఇచ్చే పనికంటే తగిలించే ఖర్చే ఎక్కువై, అది ఇంజనే కాకుండా పోతుందని తేల్చారు. మిగతా పిల్లలు వరండాలో అట్టలతో విసురుకుంటూ తమ వంతు కోసం చూస్తున్నారు. లెక్కల మాస్టారు నా చెవి దగ్గరికి వంగి, "మేడం, మీరు ఊహించుకోమన్న చల్లటి వైపు కాస్త ఇప్పుడుంటే బాగుండు" అన్నారు. నేను పైట చెంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

వెళ్లేటప్పుడు ప్రొఫెసర్ గారు ఆ తప్పు గ్రాఫు తనకు ఒక కాపీ కావాలన్నారు. "మా పిల్లలకు చూపిస్తాను. ఒప్పు గ్రాఫులు ఎక్కడైనా దొరుకుతాయి."

ప్రిన్సిపాల్ గారు బీరువా చాటు నుంచి బయటికొచ్చి, "అందుకే సార్, ఎవరేమన్నా అది తీసేయొద్దని నేను ముందునుంచీ చెప్తానే ఉన్నా" అన్నారు. నేనూ మాస్టారూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే అక్కడే పడిపోయేవాళ్లం.

కాలేజీ వార్షికోత్సవంలో ఆయన ఈ కథను ఇంకా పైకి తీసుకెళ్లారు. నడికుడి స్టేషన్లో తండ్రి బోగీలు తగిలిస్తుంటే చూసి, ఆ క్షణంలో ఆ అమ్మాయికి రహస్యం తట్టిందని మైకులో చెప్పారు. జనం చప్పట్లే చప్పట్లు. ముందు వరసలో కూర్చున్న ఆ తండ్రి ఆశ్చర్యంగా కూతురి వైపు చూశాడు. నా పక్కన ఉన్న ఆమె మెల్లగా గొణిగింది.

"అట్టా జరగలా మేడం. హాస్టల్లో కూడికలు వేస్తంటే దొరికింది."

"నాకు తెలుసు. చెప్పేసి రానా మరి?"

ఆమె తండ్రి వంక చూసింది. ఆయన అప్పటికే పక్కవాళ్లతో, "అవునండీ, మాది ఆ పనే" అని చెప్పుకుంటున్నాడు. "వద్దులెండి మేడం" అంది. ఆ కథ మా ఊళ్లో అలాగే ఉండిపోయింది. మీరు ఎక్కడైనా వింటే, అసలు జరిగింది ఇదీ అని మీకు మాత్రం చెబుతున్నాను.

ఆమెకు పరిశోధనలో సీటు వచ్చింది. నేను రిటైరయ్యాను. పోయిన నెల కూరగాయల మార్కెట్లో బెండకాయలు ఏరుతుంటే ఫోను మోగింది. అవతల ఒకటే గోల, ఎవరెవరో ఏదో భాషలో అరుస్తున్నారు. ఆ గోలలోంచి ఆమె గట్టి గొంతు వినిపించింది.

"మేడం, తిరిగింది! కంప్యూటర్లో కాదు, నిజంగానే. ఒక్క ఆటమ్ మేడం. పట్టి ఉంచాం, వేడి తగిలించాం, తిరిగింది!"

"పని ఎంత వచ్చిందమ్మా?"

"దుమ్ముకణం కూడా లేవదు మేడం. అయినా ఇక్కడ అందరూ ఎగిరి గంతులేస్తన్నారు!"

నాకు తెలియకుండానే నేనూ ఒక కేక వేసి ఉంటాను. చుట్టుపక్కలవాళ్లు తిరిగి చూశారు. కూరగాయలమ్మే ఆవిడ తక్కెడ పట్టుకున్న చెయ్యి ఆపింది.

"ఏందమ్మా, మనవడు పుట్టాడా?"

"లేదమ్మా, మా అమ్మాయి చేసిన ఇంజను తిరిగింది!"

ఏ ఇంజనో, ఎక్కడ తిరిగిందో ఆవిడ అడగలేదు. "ఎంత మంచి మాట చెప్పావు తల్లీ" అని కళ్లు పెద్దవి చేసి, గంపలోంచి గుప్పెడు కరివేపాకు తీసి నా సంచిలో వేసింది.